గృహవిషయములు: జారిన మేలుకట్టు



పోయిన మాసమున ఇదే పుటలో ఇనుపపెట్టెలకు తుప్పు వదలించు విధమును గూర్చి వ్రాసితిమి. దానిని చదివి కొందఱు సోదరీమణులు, ఇనుపపెట్టెలు ఇప్పుడెవరి యింట నున్నవి, కార్లును స్కూటర్లును ఉన్నవి గాని, అని పరిహాసముగా జాబులు వ్రాసిరి. న్యాయమే. కావున ఈ మాసము కారును గూర్చియే వ్రాసెదము. కారు నడుపు విద్యను గూర్చి కాదు. అది మాకు రాదు. కారు లోపల కూర్చున్నవారి తలలపై నుండు గుడ్డను గూర్చి.

ఆ గుడ్డను కారుపనివారు రూఫ్ లైనింగ్ అందురు. మా నాయనగారు మాచేత అమరము వల్లెవేయించిన దినములలో ఇట్టి గుడ్డకు వితానమనియు, ఉల్లోచమనియు పేర్లు నేర్చితిమి. తెలుగున మేలుకట్టు. పెండ్లిపీటలపైని, దేవుని పల్లకిపైని కట్టు గుడ్డ యది. కారులోని గుడ్డకు ఇంతకంటె తగిన పేరు మాకు తోచలేదు గనుక ఈ వ్యాసమున అట్లే వాడెదము. మా అత్తగారు మాత్రము దానిని ఎప్పుడును "ఆ వేలాడేది" అనియే తప్ప వేఱుగా అని యెఱుగరు.

మా బండి 2011 నాటిది. మావారు దానిని 2021లో తోటి ఉపాధ్యాయుని యొద్ద పాతదిగా కొనిరి. మా అత్తగారికి ఉబ్బసము. మా రొద్దమునుండి హిందూపురమునందలి వైద్యుని కడకు నెలకొకమాఱు పోక తప్పదు. ఉదయపు బస్సులో కూరగంపల నడుమ నిలుచుండి పోవుట ఆమె వలన కాదు. బండి కొన్నది అందులకే, విలాసమునకు గాదు.

కొన్న రెండేండ్లకు వెనుక అద్దము కడ మేలుకట్టున అరచేతి వెడల్పున ఒక బుడగ లేచినది. నొక్కిన అణగును, వదలిన లేచును. మఱుసటి వేసవికి అది నడుమనున్న దీపము దాక ప్రాకి, వెనుక కూర్చున్నవారి కొప్పులకు తగులజొచ్చెను. "ఏమే, ఇది కారా, వాననీళ్లు నిల్చిన షామియానానా?" అని మా అత్తగారు అడిగిరి.

అప్పుడు మేము చేసిన పని చెప్పుటకు సిగ్గుగా నున్నది. కుట్టుపెట్టెలోని గుండుసూదులు ముప్పది నలుబది తీసి, వరుసగా గుడ్డకు గ్రుచ్చితిమి. పైనున్న అట్టలోనికి సూది దిగునపుడు గట్టిగా పట్టినట్లే తోచును. పది దినములు చక్కగా నిలిచినది. పిమ్మట గతుకులకు ఒక్కొక్కటియే జారసాగినవి. అంతట రెండవ ఉపాయము. చెక్కపనివారు వాడు తెల్లజిగురును సిరంజిలో నింపి, గుడ్డ గుండ లోపలికి ఎక్కించి, అరచేత అదిమి పట్టితిమి. అది నాలుగు దినములు నిలిచి, ఐదవనాడు ఎండలో మరల జారినది. పైగా జిగురు ఊఱిన చోటులందెల్ల పప్పుమరకల వంటి మచ్చలు మిగిలినవి.

ఈ యేడు ఫాల్గుణమున ఒక ఆదివారము అందఱమును పెనుకొండకు పోవుచుంటిమి. ఉక్కకు కిటికీ అద్దములు దించియుంటిమి. మేలుకట్టు ముందరి అంచు అప్పటికే కొంత ఊడియుండెను. గాలి ఆ సందున దూరి గుడ్డను ఒక్కపెట్టున ఊడదీసి మావారి నొసటిపై వేసినది. వెనుక చూచుకొను అద్దము కప్పుకొనిపోయినది. ముందు వేరుసెనగ కట్టె నిండుగా వేసికొన్న ట్రాక్టరు పోవుచుండెను. మావారు ఒక చేత గుడ్డ నెత్తిపట్టి, ఒక చేత చక్రము పట్టి, ఎట్లో బండి నాపిరి. ట్రాక్టరు వెనుకచెక్కకును మా బండికిని నడుమ ఎడము మూరెడు.

ఎవ్వరికిని దెబ్బ తగులలేదు. కాని గుడ్డతోడ గోధుమరంగు పొడి గుప్పున రాలి అందఱ తలలపై బడినది. మా అత్తగారికి అక్కడనే ఆయాసము పట్టెను. పీల్చుమందు రెండుమాఱులు పీల్చిన పిదప గాని ఆమె మాట్లాడలేకపోయిరి. ఆమె వీపు నిమురుచు ఇటు తిరిగి చూడగా, మా చిన్నదాని గౌనుపై నాలుగు గుండుసూదులు. వానిలో ఒకటి మెడకు బెత్తెడు క్రింద. వానిని గ్రుచ్చినది మేమే.

ఆ వారమే మావారు పట్టణమున సీటు కవర్లు కుట్టు అంగడికి బండిని తీసికొనిపోయిరి. అచ్చటివారు ఆఱువేల ఐదువందలు అడిగిరి. మూడు వారములు ఆగవలెననిరి. పాతగుడ్డను తీయనక్కఱలేదు, దానిమీదనే క్రొత్తది అంటించెదమని కూడ చెప్పిరట. మావారు ఇంటికి వచ్చి, "బండి అమ్మివేయుదము. గుడ్డ వేలాడుచున్నదని ఇరువది వేలు తగ్గింతురు. తగ్గింపనిమ్ము," అనిరి. మా అత్తగారు లోపలినుండి "నన్ను బస్సు ఎక్కించండి నాయనా, నా కోసం మీరు అప్పులపాలు కావద్దు," అనిరి. అప్పు మాట ఎవరును ఎత్తలేదు. కాని ఆమె అట్లనిన పిమ్మట బండి అమ్ముటకు మాకు మనసొప్పలేదు.

తరువాతి నెల హిందూపురము పోవుటకు బంధువుల బండిని ఎరవు తెచ్చుకొంటిమి. వైద్యుని చూచిన పిదప ఇంకను ప్రొద్దుండెను. లేపాక్షి అక్కడికి పదునైదు కిలోమీటర్ల దూరమే గనుక వీరభద్రస్వామిని దర్శించి వచ్చితిమి. విజయనగరప్రభువగు అచ్యుతదేవరాయల కాలమున, అనగా పదునాఱవ శతాబ్దిలో, విరుపణ్ణ కట్టించిన గుడి యని మీలో పెక్కండ్రకు తెలిసినదే. మండపముల కప్పులపైని చిత్రములలో చీరల అంచులు, కొప్పులు, నగలు చూచుటకే పూర్వము మేము పోవుచుంటిమి. ధర్మవరపు నేతవారు ఆ అంచులనుండి తమ చీరలకు నమూనాలు తీసికొందురని అందురు. ఈ మాఱు మా చూపు మఱియొక చోట నిలిచినది. చిత్రము పోయిన చోట రంగు వెలిసిపోవుటచే పోలేదు. రంగునకు ఆధారమైన సున్నపుపూత పెచ్చులుగా ఊడిపడినది. ఊడని చోట నాలుగువందల యేండ్లకు పైబడిన చిత్రము కూడ కండ్లయెదుట నిలిచియున్నది. పట్టు విడిచినది పైరంగు కాదు, నడుమనున్న పూత.

మా బండి మేలుకట్టు సంగతియు ఇదియే కాదా యని అప్పుడు తోచినది. ఇంటికి వచ్చి ఊడిన మూలను తిరుగవేసి చూచితిమి. గుడ్డ చెక్కు చెదరలేదు. పైనున్న అట్టయు గట్టిగానే యున్నది. ఆ రెంటి నడుమ ఏమి యున్నదో చూడకయే మేము సూదులు గ్రుచ్చితిమి.

నేటి కార్ల మేలుకట్టు మూడు పొరలు. కారు ఇనుపకప్పునకు క్రిందుగా ఒత్తుడుచేత వంపులు తీర్చిన నారఅట్ట ఒకటి యుండును. దానికి పలుచని స్పాంజి, అర అంగుళములో నాలుగవవంతు మందమున్నది, అంటియుండును. స్పాంజికి గుడ్డ. గుడ్డకును స్పాంజికిని విడదీయరాని సంబంధము, రెండును కలిపియే తయారు చేయుదురు. ఆ స్పాంజి పాలీయూరిథేను అను పదార్థము. 1937లో జర్మనీ దేశమున ఆటో బేయరు అను రసాయనశాస్త్రజ్ఞుడు ఆ పదార్థమును కనిపెట్టెను. ఈనాడు మన పరుపులలో, దిండ్లలో, కుర్చీలలో, చెప్పుల అడుగులలో అంతటను అదే. మెత్తనిది, చవుకయైనది. కాని చిరాయువు గాదు. వేడిమి, తేమ, గాలిలోని ప్రాణవాయువు కలిసి దానిని లోలోపల తినివేయును. అటకపై నాలుగేండ్లు దాచిన మంచి చెప్పులు పెండ్లికని తీసి తొడిగినంతనే అడుగులు పొడియై రాలిపోవుట మీరెఱుగుదురు. తొడుగకుండ దాచితిమి గదా, ఏల చెడినవని ఏడ్చుకొందుము. మేలుకట్టులోని స్పాంజి గతియు అదే. మా అత్తగారి తలపై రాలిన గోధుమరంగు పొడి ఆ చెప్పుల అడుగుల పొడికి తోబుట్టువు.

దీనికి మన సీమ యెండ తోడు. మూసిన కారు ఎండలో ఎంత కాగునో 2005లో అమెరికా దేశపు వైద్యులు కొలిచి చూచిరి. ఒక గంటలో లోపలి వేడిమి బయటి వేడిమికంటె సుమారు ఇరువదిరెండు సెల్సియస్ డిగ్రీలు పెరిగినదట. అందు అయిదింట నాలుగు పాళ్లు మొదటి అరగంటలోనే. పసిబిడ్డలను కారులో వదలిపోరాదని చెప్పుటకై వారు చేసిన పరిశోధన మది, ఆ మాట ప్రతి తల్లియు జ్ఞాపకముంచుకొనవలయును. మా పాఠశాల యావరణమున చెట్టు నీడ లేదు. పది యేండ్లకు పైగా ప్రతిదినము ఆ యెండలో కాగిన స్పాంజిని మేము నిందింపలేము.

ఇక మా సూదులును తెల్లజిగురును ఏల నిలువలేదో మీకే తెలిసియుండును. పొడియైన స్పాంజికి ఏ జిగురు పూసినను, అది పొడిని పట్టుకొనును గాని అట్టను పట్టుకొనదు. పిండి చల్లిన పీటపై కాగితము అంటించినట్లు. పాతదానిమీద క్రొత్తగుడ్డ అంటించెదమన్న అంగడివారి మాటయు ఇట్టిదే. కుళ్లినది అంతయు తీసివేయక క్రొత్తది నిలువదు.

వేసవి సెలవులు రాగానే పని మొదలుపెట్టితిమి. మొట్టమొదట ఒక హెచ్చరిక. కొన్ని కార్లలో కప్పు ఇరుప్రక్కల, మేలుకట్టు అంచులవెంట, ప్రమాదమునాడు తెరవలె ఉబ్బి దిగు గాలిసంచులుండును. కిటికీల నడిమి స్తంభములపై ఎయిర్‌బ్యాగ్ అను అక్షరములు అచ్చొత్తియుండిన, మీ బండి అట్టిదని తెలిసికొనుడు. అట్టి బండిని ఇంట విప్పరాదు, తెలిసినవారికే ఒప్పగింపుడు. మా పాతబండికి ఆ భాగ్యము లేదు గనుక మాకు భయము లేకపోయినది. దీపపు తీగలుండును గనుక మావారు ముందుగా బ్యాటరీ ఋణధ్రువపు తీగను విప్పిరి.

తరువాత ఎండ అడ్డుపలకలు, చేతిపిడులు, దీపము, స్తంభములపైని తొడుగులు, తలుపుల చుట్టునున్న రబ్బరు అంచు, ఇవన్నియు తీయవలెను. మఱలను మా చిన్నది పాత పోపులపెట్టె గిన్నెలలో వేసి, ఏ గిన్నెలోనివి ఎక్కడివో చీటి వ్రాసి పెట్టినది. ఈ చిన్నపని లేకున్న బిగించునాడు కలహమే. ప్లాస్టికు క్లిప్పులను ఊడదీయుటకు స్క్రూడ్రైవరు పెట్టిన గీతలు పడును, కావున తెడ్డు కాడకు గుడ్డ చుట్టి దానితో మెల్లగా ఎత్తితిమి. ఐనను అయిదు క్లిప్పులు విఱిగినవి.

అట్టను బయటికి తెచ్చుట యందు మాకు సాయపడినది మా వీధిపిల్ల యొకతె. పెనుకొండ దాపున ఎఱ్ఱమంచి కడ కొరియా దేశపు కియా సంస్థవారి కర్మాగారము 2019 నుండి కార్లను వెలువరించుచున్నది గదా. ఏటికి మూడులక్షల కార్లు చేయగలదట. దాని చుట్టును విడిభాగముల కర్మాగారములు వెలసినవి. మా పిల్ల అట్టిదానిలో పనిచేయుచు సెలవునాడు ఇంటికి వచ్చియుండెను. "అక్కా, అట్టను వంచితే మడత పడుతుంది. మడత పడితే ఎంత మంచి గుడ్డ వేసినా గీత కనపడుతుంది," అని చెప్పి తానే ఒక కొస పట్టుకొన్నది. ముందరి కుర్చీలను పూర్తిగా వెనుకకు వాల్చి, నలుగురము నాలుగు మూలలు పట్టి, వెనుకతలుపు గుండ అట్టను తెచ్చితిమి. పాలకుండ నెత్తిన పెట్టుకొన్నంత మెల్లగా నడచితిమి. మునుపు కొండక్రింద సెనగచేలు తప్ప ఎఱుగని పల్లెల ఆడుబిడ్డలు నేడు మాకు ఇట్టివి నేర్పుచున్నారు. ఇది చూచి మాకు కలిగిన సంతోషము ఈ వ్యాసమునకు సంబంధించినది గాకున్నను వ్రాయకుండలేకపోతిమి.

కానుగచెట్టు నీడను నులకమంచముపై అట్టను వెల్లకిల పఱచితిమి. గుడ్డ దానంతటదియే ఒలిచిన అరటితొక్కవలె వచ్చినది. మిగిలినది స్పాంజి మురికి. పని అంతయు ఇక్కడనే యున్నది. అంటించుట ఒక గంట, తీయుట మూడు గంటలు. మా అత్తగారిని అంతకుముందే ప్రక్కయింటికి పంపితిమి. కరోనా దినములనాటి ముఖపుమాస్కులు కట్టుకొంటిమి. గట్టి కుచ్చుల బట్టలబ్రష్షుతో, ఎక్కువ అదమక, ఒకే వైపుగా త్రోసితిమి. ఇనుప గరిటెతో గీకిన అట్ట లేచిపోవును. నీళ్లు తగిలిన ఉబ్బును. చేటెడు పొడి వచ్చినది. దానిని గాలికి వదలక తడిగోనెలో మూటగట్టితిమి.

ఇక చాలునా లేదా యని తెలియుటకు మా అరచేయియే పరీక్ష. అట్టపై అరచేత రాచి చూడుడు. చేయి పసుపైనచో ఇంకను చాలలేదు. మేము మూడు మాఱులు చాలుననుకొంటిమి, మూడు మాఱులును అరచేయి కాదన్నది. నాలుగవ మాఱునకు చేయి తెల్లగా వచ్చినది. అట్ట మూల ఒకటి చినిగియుండగా వెనుకవైపున గట్టిగుడ్డముక్క అతికి ఎండనిచ్చితిమి.

గుడ్డ మాటకు వత్తము. వెనుక స్పాంజితో కూడ దొరకు మేలుకట్టు గుడ్డనే కొనుడు. వట్టిగుడ్డ అంటించిన అట్టలోని ప్రతి గుంటయు, జిగురు ప్రతి చారయు పైకి కనబడును. మా అత్తగారు తమ పెండ్లినాటి ధర్మవరము పట్టుచీర చిరిగినది పెట్టెలో నున్నదనియు, దానిని వేసిన పల్లకివలె నుండుననియు చెప్పిరి. ఆ మాటకు మా మనసు కరిగినది. కాని పట్టు జిగురును పీల్చుకొనును, ఎండకు నలుగును. ఆ చీర పెట్టెలోనే భద్రముగా నున్నది. మా అట్ట ఆఱడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఏడడుగుల గుడ్డ తెచ్చితిమి. నలుప్రక్కల నాలుగు అంగుళములైనను మిగులకున్న, గుంటలలోనికి గుడ్డ దిగునపుడు చివర చాలక ఏడువవలసివచ్చును. రంగు లేతబూడిద. నల్లనిది అందముగా నుండును గాని మన ఎండలకు తగదు.

జిగురు విషయమున ఒక్క మాట నొక్కి చెప్పెదము. తెల్లజిగురు పనికిరాదు. చెప్పులు కుట్టువారు, రెక్సిను అంటించువారు వాడు రబ్బరుజిగురు కావలెను. అందును డబ్బాపై వేడికి ఓర్చునదని వ్రాసియున్నది చూచి కొనుడు. సామాన్యపు జిగురు మూసిన కారు వేడిమికి మెత్తబడును. ఈ జిగురులలో టాలుయీన్ వంటి ద్రావకములుండును. వాని ఆవిరి తలత్రిప్పును, నిప్పురవ్వకు భగ్గుమనును. కావున వంటింటికి దూరముగ, ఆరుబయట తప్ప డబ్బా మూత తీయకుడు. గర్భిణులును పసిపిల్లలును దగ్గఱకు రారాదు. మా చిన్నదానిని ఆ పూట అమ్మమ్మ యింటికి పంపితిమి.

ప్రొద్దున ఏడు గంటలకే అంటించుటకు కూర్చుంటిమి. ఎండ ముదిరినచో జిగురు పూయుచుండగనే ఆరిపోవును. గుడ్డను అట్టపై సరిగా పఱచి, నడుమకు గీటు పెట్టుకొని, సగమును వెనుకకు మడచితిమి. బయటపడిన సగపు అట్టకును, దానికెదురైన స్పాంజికిని రెంటికిని పలుచగా జిగురు పూయవలెను. వెంటనే అంటింపరాదు. పది పదునైదు నిమిషములు ఆగి వ్రేలితో తాకిన, తీగ సాగక మెత్తగా పట్టుకొనుచుండవలెను. అప్పుడు గుడ్డను కొంచెము కొంచెముగా దించుచు, ఓళిగ తట్టునట్లు నడుమనుండి అంచులకు అరచేత రాచుచు పోవలెను. ఒకమాఱు తగిలిన మరల లేవదు. లేపిన స్పాంజి చినుగును. మావారు గుడ్డను పైకెత్తి పట్టుకొనగా మేము దించితిమి. పాఠశాలలో నలుబదిమందిని అదుపున పెట్టువారు ఆ పూట "ఇంకొంచెమా, ఇక చాలునా" అని మమ్మడుగుచు నిలుచుండిరి. ఆ సంగతి వ్రాయుటకు వారే అనుమతించిరి.

గుంటలున్న చోట, అనగా ఎండ అడ్డుపలక ఒదుగు పల్లము, దీపము చుట్టునున్న పల్లము, ఇట్టి చోటుల గుడ్డను ముందుగా పల్లములోనికి దించి పిమ్మట అంచునకు తేవలెను. పల్లముమీద వంతెనవలె లాగి అంటించిన, చూచుటకు నున్నగా నుండును గాని గుడ్డ ఎప్పుడును పైకి లాగుచునే యుండి, కొన్నాళ్లకు అక్కడనే మొదట లేచును. ఎడమవైపు అడ్డుపలక పల్లము కడ మేము ఇట్లే లాగితిమి. వెంటనే తెలిసికొన్నాము. కాని అప్పటికి పట్టుకొన్నది. ఊరకుంటిమి.

రెండవ సగమును అట్లే అంటించి, మిగులు గుడ్డను అంగుళము మాత్రము వెనుకకు మడచి అతికితిమి. దీపపు రంధ్రముకడ గుణకారపు గుర్తువలె కోసి, నాలుగు చెక్కలను వెనుకకు మడచితిమి. ఒక పగలు ఒక రాత్రి నీడను ఆరనిచ్చి, మఱునాడు ఎట్లు తీసితిమో అట్లే ఎక్కించితిమి. తీయుటకంటె ఎక్కించుట కష్టము. క్రొత్తగుడ్డకు చేతిమురికి అంటకుండ అందఱమును చేతులు కడుగుకొంటిమి. పోపులపెట్టె గిన్నెలు ఒక్కొక్కటిగా ఖాళీ యగుచు వచ్చినవి. చివరకు ఒక గిన్నెలో ఒక మఱ మిగిలినది. దాని చీటి గాలికి పోయినది. అది ఎక్కడిదో నేటికిని తెలియదు.

గుడ్డకు తొమ్మిదివందలు, జిగురునకు నాలుగువందల ఎనుబది, క్లిప్పులకును బ్రష్షునకును నూటయిరువది, వెరసి పదునైదువందల రూపాయలు ఖర్చు. రెండు ప్రొద్దుల శ్రమ. నడుమునొప్పిని లెక్కలో వేయలేదు.

జిగురు వాసన పోవుటకు వారము దినములు అద్దములు దించి నీడను నిలిపితిమి. అంతవఱకు మా అత్తగారిని ఎక్కనీయలేదు. ఎనిమిదవనాడు ఆమె ఎక్కి, కూర్చుండి, తల యెత్తి చాలసేపు చూచిరి. "రాలదు కదా?" అని అడిగిరి. రాలదని చెప్పుటకు మాకు నోరు రాలేదు. చేయెత్తి రాచి చూడుడంటిమి. ఆమె రాచి, అరచేయి త్రిప్పి వెలుతురున చూచుకొని, మాకును చూపిరి. హిందూపురము చేరువఱకు పీల్చుమందు సంచిలోనుండి తీయలేదు.

వైశాఖపు ఎండలు ముగిసినవి. మేలుకట్టు అంతయు నిలిచియున్నది, ఒక్క చోట తప్ప. ఎడమవైపు పల్లము కడ, మేము వంతెనవలె లాగిన చోటనే, చింతగింజంత బుడగ లేచినది. మావారు సూది తెత్తునా యని నవ్విరి. వలదంటిమి. ప్రతి ఆదివారము వ్రేలితో కొలుచుచున్నాము. ఇప్పటికి పెరుగలేదు.